ఇరవై మాటల్లో అయిదు

లవెల్ ప్రూయెట్ బుర్ర బాగుపడిందట. ఆ శుభవార్త చెప్పినవాడు డాక్టర్ హాల్వర్సన్. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఇచ్చే జీతం తీసుకుని, ఆ లీగ్‌లో ఆడి దెబ్బతిన్న తలలను నిష్పక్షపాతంగా పరీక్షించే పెద్దమనిషి.

"పదిహేనేళ్ల క్రితం ఇరవై మాటలు చదివి వినిపిస్తే నాలుగు తిరిగి చెప్పారు. ఇవాళ అయిదు చెప్పారు. అభినందనలు!"

లవెల్ మర్యాదగా థాంక్స్ చెప్పాడు. పక్కన కూర్చున్న భార్య ఒడెట్ చెప్పలేదు. పోయిన మంగళవారం ఈ బాగుపడ్డ బుర్ర, స్లిప్పర్లు వేసుకుని ప్రాక్టీసుకని బయల్దేరింది. స్టేడియం కూలగొట్టి తొమ్మిదేళ్లయింది. అక్కడిప్పుడు పరుపుల దుకాణం ఉంది. పోలీసులు వెళ్లేసరికి లవెల్ ఒక డబుల్ పరుపును భుజంతో గుద్ది పడగొట్టి, దాన్ని లేవనివ్వకుండా పట్టుకుని ఉన్నాడు.

ఒడెట్ అడిగేది ఒక్కటే. తను డ్యూటీకి వెళ్లినప్పుడు ఇంట్లో ఒక నర్సు. జబ్బు ముదిరిందని డాక్టర్ రాస్తే లీగ్ పంపిస్తుంది. రాయకపోతే, మొగుణ్ణి లోపల పెట్టి బయట తాళం వేసుకుని వెళ్లాలి.

"నిజం చెప్పవయ్యా," అంది భర్తతో.

పాత సంగతులు లవెల్‌కి అద్దంలో కనబడ్డట్టు కనబడతాయి. సీజన్‌కి ముందు ప్రతి ఆటగాడి జ్ఞాపకశక్తినీ పరీక్షించి రాసుకుంటారు. ఆటలో తలకి దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. మార్కులు తగ్గితే బెంచీ మీద కూర్చోవాలి. అందుకే సీనియర్లు కొత్తవాళ్లకి మొట్టమొదట నేర్పేది బంతి పట్టడం కాదు.

"డాక్టర్ గారూ, 'ముందే మొద్దులా కనబడరా తమ్ముడూ' అన్నారు మా సీనియర్లు. తర్వాత ఎన్ని గుద్దులు తిన్నా మార్కులు తగ్గవు, మామూలుగానే ఉన్నట్టు. నాకు ఇరవైకి ఇరవై వచ్చు. కావాలనే నాలుగు చెప్పాను. ఆ ఏడాది మూడుసార్లు స్పృహ తప్పినా ఒక్క ఆట మానలేదు!" అన్నాడు లవెల్ గర్వంగా.

"అంటే మోసం చేశారన్నమాట. అదే రాయమంటారా?" అన్నాడు డాక్టర్.

ఆ మోసంతో గెలిచిన ఆటల టికెట్ల డబ్బు లీగ్ వాపసు ఇచ్చేస్తుందా అని ఒడెట్ అడగబోయి ఊరుకుంది. ఆమెకి నర్సు కావాలి.

డాక్టర్ ఫైలు మూసి, సొరుగులోంచి ఒక కొత్త బంతి తీసి లవెల్‌కి అందించాడు.

"మా ఇంటిల్లిపాదీ మీ అభిమానులం. మా అబ్బాయి పేరు రాసి సంతకం చెయ్యరూ? ప్రెస్టన్."

లవెల్ మొహం వెలిగింది. "తప్పకుండా. ఏం పేరు?"

"ప్రెస్టన్."

లవెల్ పెన్ను మూత తీశాడు. "మంచి బంతి. ఎవరికిది?"

"మా అబ్బాయి ప్రెస్టన్‌కి."

"అబ్బాయా! ఎన్నేళ్లు?"

"పదకొండు."

"భేష్. పేరేంటి?"

ఒడెట్ బంతిని భర్త ఒళ్లోంచి తన ఒళ్లోకి లాక్కుంది.

"ఇరవై మాటలు కాదు డాక్టర్, ఒక్క మాట. మూడోసారి అడుగుతున్నాడు. ఇప్పుడు మీరు చూసింది ఫైల్లో రాయండి. సంతకం తర్వాత."

డాక్టర్ ఫైలు వంక చూశాడు, బంతి వంక చూశాడు. వైద్యశాస్త్రం చేయలేని పని అభిమానం చేసింది. ఫైలు మళ్లీ తెరుచుకుంది.

"ఏం రాస్తున్నాడాయన?" గుసగుసగా అడిగాడు లవెల్.

"నీ మార్కులు."

"తక్కువేగా?"

"బాగా తక్కువ."

"హమ్మయ్య," అన్నాడు లవెల్.