పొద్దున పట్టిన సీసా

మా నాయన వీరప్పకు సిగ్గెక్కువ. ఆ సిగ్గు పుణ్యమా అని నాకు పది రోజులు నిద్ర లేదు.

పోయినేడాది ఆయన ప్రోస్టేట్ గ్రంథికి సూది పెట్టి ముక్క తీశారు. క్యాన్సర్ కనిపించలేదు. అయినా రక్తపరీక్షలో ప్రోస్టేట్ తేడాను సూచించే పీఎస్‌ఏ అంకె దిగలేదు. మళ్లీ సూది అనగానే నాయన మొండికేశాడు. చేలో అమ్మ సమాధి పక్కన, దున్నకుండా వదిలిన జాగా చూపించి, "ఉమా, నన్ను ఈడ పెట్టు. సూదికి మాత్రం రాను" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అనంతపురం పోయి, సూది కాక వేరే దారే లేదా అని డాక్టరమ్మతో పోట్లాడాను.

ఆమె ఓపిగ్గా విన్నది. "మూత్రంలో పీసీఏ3 అనే ఆర్‌ఎన్‌ఏను కొలుద్దాం. అది ప్రోటీన్ తయారు చేయదు. కానీ ప్రోస్టేట్‌లో క్యాన్సర్ ఉంటే మామూలుగా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. తక్కువగా ఉంటే ఇప్పటికి సూది మానుకోవచ్చు" అంది. తాను వేలితో గ్రంథిని నొక్కితే దాని కణాలు మూత్రంలోకి దిగుతాయని, ఆ వెంటనే వచ్చే మూత్రమే పట్టాలని చెప్పి సీసా ఇచ్చింది.

పరీక్ష రోజు నేను గది బయటే నిలబడ్డాను. నాకూ సిగ్గే. పది రోజులకు రిపోర్టు వచ్చింది: ఆర్‌ఎన్‌ఏ చాలలేదు, ఫలితం చెప్పలేం. బడిలో సైన్సు చెప్పేదాన్నయినా అదేదో చెడ్డ కబురనే అనుకున్నాను. తర్వాత డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి నాయన మీద అనుమానం కలిగింది.

"నాయనా, నిజం చెప్పు. ఆ సీసా ఎప్పుడు పట్టినావు?"

"పొద్దున్నే, ఇంటికాడ. గొర్రెకు జబ్బు చేస్తే పొద్దున్నే పట్టి పశువుల డాక్టరుకు ఇస్తాం గదమ్మా. ఆడ అంతమంది ఉంటే నాకు యాడ వస్తాది? తువ్వాల్లో చుట్టుకొనిపోయి, లోపలికి పోయి వచ్చినట్టు చేసి ఇచ్చినా."

"ఏమప్పా నువ్వు! గొర్రెవా?" అని అరిచాను. అరుస్తూనే నవ్వాను.

రెండోసారి ఖాళీ సీసా నా సంచిలోనే పెట్టుకున్నాను. డాక్టరు చూసి పంపిన వెంటనే బాత్‌రూమ్ తలుపు ముందు ఆయన చేతికిచ్చి, అక్కడే కావలి కాశాను. లోపల కొళాయి తిప్పి చాలాసేపు ఉన్నాడు.

మళ్లీ పది రోజులు ఎదురుచూశాం. ఈసారి స్కోరు చాలా తక్కువ. "ఇప్పుడు సూది వద్దు. ఆరు నెలలకోసారి రక్తం చూసుకుంటే చాలు" అంది డాక్టరమ్మ. నేను వరండాలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఎన్నాళ్లకో గుండెల మీద బరువు దిగింది.

శింగనమల బస్సులో ఊరు దగ్గరపడ్డాక నాయన నా చెయ్యి తట్టాడు.

"ఉమా, మీ అమ్మ పక్కన ఆ జాగా ఊరికే ఉండాది గదా. వాన పడితే ఉలవలు చల్లుదాంలే."