కార్డు మీద ఊరి పేరు

మా మల్లన్నకుంట గోదావరి ప్రాజెక్టులో మునిగి పన్నెండేళ్లయింది. ఇప్పుడు మేముండేది లక్సెట్టిపేట దగ్గరి పునరావాస కాలనీలో. అయినా బిడ్డ అలేఖ్య పెళ్లికార్డు మీద మల్లన్నకుంట అనే అచ్చేయించాను.

"లేని ఊరి పేరెందుకు మామా?" అన్నాడు ప్రెస్సు గోపాల్.

"నీళ్లల్ల ఉన్నది. లేదని ఎవడన్నడు?" అని కసిరాను.

కార్డుల మీద పేర్లు రాస్తుంటే నిదాల్ సార్ గుర్తొచ్చారు. ఆయన పాలస్తీనా విలేకరి. రాసిన రాతలకు జైలుకు పోయి, తిరిగి ఇంటికి రానివ్వకపోతే దోహాలో బతుకుతున్నారు. అక్కడ ఆయన ఆఫీసులో నేను చాయ్ పెట్టేవాణ్ని. నన్ను కన్న అవ్వ చనిపోయినప్పుడు, నా పాస్‌పోర్టు దాచుకున్న ఏజెంటుతో కొట్లాడి తెచ్చిచ్చారు. అవ్వకు తలకొరివి పెట్టానంటే ఆయన దయే.

మా దిక్కు కార్డు మీద మనిషి పేరు పక్కన ఊరి పేరు రాస్తాం. సార్ ఉండేది దోహాలోనే కానీ ఆయన ఊరు అది కాదు. తాత కాలంలో కూల్చేసిన తమ ఊరి పేరు చాయ్ తాగుతూ నాకు వందసార్లు చెప్పారు. "నిదాల్ గారు, దైర్ సమ్రా" అని రాశాను. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, పేరూ ఊరూ వాయిస్ మెసేజ్‌లో చదివి వినిపించాను.

పంపాక, మనసు నొప్పించానేమోనని పరేషానయ్యాను. అంతలో వచ్చీరాని హిందీలో ఆయన గొంతు వినిపించింది.

"నా కాగితాలన్నిటి మీదా దేశం లేదనే రాసి ఉంటుంది. శుక్రియా రాజేశం. డెబ్బై ఏళ్ల తర్వాత మా ఊరికి పెళ్లి పిలుపొచ్చింది."