పెంట మీది పేరు

సత్యమ్మకు మొదట పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. అందుకే మూడో బిడ్డను పెరట్లో పెంటకుప్ప మీద పండబెట్టి, చావు కన్ను పడకుండా పెంటమ్మ అని పేరు పెట్టింది. ఆ పేరంటే పెంటమ్మకు ఒళ్లు మంట. బడిలో పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్లు. రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది పెళ్లై తాండూరుకు పోయి, పద్మ అని మార్చుకుంది. మళ్లీ పాత పేరుతో పిలవొద్దని తల్లితో ఒట్టు వేయించుకుంది.

ఇద్దరు పసివాళ్లను మట్టిచేసిన పద్మ, మూడోదాన్ని ఎత్తుకుని బషీరాబాద్‌లో తల్లిగారింటికి వచ్చింది. సత్యమ్మ పెరట్లో ఉంది. కూరగాయల తొక్కలు, పొయ్యి బూడిద, పేడ కలిసి మాగిన ఎరువును గంపకెత్తి సొరపాదుకు వేస్తోంది. నల్లటి ఎరువులో ఎర్రలు మెదులుతున్నాయి.

"అమ్మా, జర ఆగు. అంతా తియ్యకు."

"ఎందుకు బిడ్డా?"

పద్మ కింద గుడ్డయినా పరవకుండా పసిదాన్ని ఆ కుప్ప మీద పండబెట్టింది. సత్యమ్మ చేతిలో గంప జారింది.

"పేరు పెట్టమ్మా," అంది పద్మ.

సత్యమ్మకు ఒట్టు గుర్తొచ్చింది.

పద్మే వంగి, పసిదాని చెవిలో తన పాత పేరు చెప్పింది.