వదినా అని పిలిచే చెల్లెలు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

మా అమ్మకు మేమిద్దరం. పిల్లల్లేక కుమిలిపోతున్న మా మేనత్త ఒడిలో, పాలైనా మరవని నా చెల్లెల్ని పెట్టేసింది అమ్మ. "దీనికి ఎన్నడూ చెప్పకండి వదినా," అంది అత్త. అమ్మ మాటిచ్చింది, నా చేతా ఇప్పించింది. ఆ పూటతో తోడబుట్టింది అత్తకూతురైపోయింది. మాటలు రాగానే నన్ను "వదినా" అంది. ఎదురుచూసి అందరికీ కళ్ళు కాయలు కాస్తాయి, "అక్కా" అన్న పిలుపు కోసం నాకు చెవులు కాశాయి.

పెద్దయ్యాక నేను సముద్రపు చేపలను పరిశీలించే చోట సీసాలు కడిగే పనిలో చేరాను. ఒకనాడు అత్తా, చెల్లెలూ చూడవచ్చారు. అది తెల్లగా, నిండుగా ఉంది. నేను నల్లగా, ఎండుపుల్లలా.

అక్కడ చేపల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఒక తొట్టిలో మలుగుపామునూ, అదే నల్లగా పాములా సాగిన చేపనూ, పక్క తొట్టిలో వెండి పొలుసుల పెద్ద చేపనూ చూపించింది.

"వదినా, ఇదిగో నువ్వు! జారుడు మలుగువి. ఆ వెండి పిల్ల నేను," అంది చెల్లెలు.

"పొలుసులు గీకేవాళ్ళు దొరక్క మెరుస్తున్నావులే!" అన్నాను.

డాక్టరమ్మ నవ్వి రెండు చిన్న సీసాలు ముందు పెట్టింది. "ఆ రెండూ ఒకే వంశం అమ్మా. వాటి పిల్లల్ని చూడండి."

రెండింట్లోనూ గాజు ఆకుల్లాంటి పిల్లలు, వెనకున్న నా వేలు కనబడేంత పల్చగా. ఒకదాని తోక చీలి ఉంది, రెండోదానిది మొనదేలింది. అంతే తేడా.

"ఇలా ఆకుల్లా తేలుతూ పెరుగుతాయి. తర్వాత కుంచించుకుపోయి వేరే రూపాలు కడతాయి. పెద్దయ్యాక చూస్తే చుట్టాలని ఎవరూ నమ్మరు. పసితనమే పట్టిస్తుంది," అంది డాక్టరమ్మ.

చెల్లెలు సీసాల మీదకి వంగి నవ్వడం మానేసింది. "వదినా, చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్ని?"

నా చంక దిగని పిల్ల, నాకు గుర్తులేకేం? "అచ్చం..." అన్నాను. అత్త ముఖం తెల్లబోయింది. నాలుక కరుచుకున్నాను. "అచ్చం మీ అమ్మలాగే."

అత్త ఊపిరి పీల్చుకుంది.

అత్తా పోయింది, అమ్మా పోయింది. ఇచ్చిన మాట మాత్రం నా నోటికి తాళమై ఉండిపోయింది. నిన్న కూడా చెల్లెలు ఫోనులో, "వదినా, మోకాళ్ళెలా ఉన్నాయి?" అనే అడిగింది.

మాటిచ్చింది నేను, నువ్వు కాదు. నేను పోయాక దాని దగ్గరికెళ్ళి ఇదంతా చెప్పు. నవ్వి కొట్టిపారేస్తే మళ్ళీ చెప్పు. ఒక్కసారి దాని నోట "అక్కా" అనిపించు. నాకు వినబడకపోయినా సరే. మరిచిపోకేం.