కింది బటన్‌కు పెట్టిన బొట్టు

సికింద్రాబాద్ మొత్తం మీద చేతిగడియారాన్ని విప్పకుండా, ఊరికే చెవి దగ్గర పెట్టుకుని, అందులో ఏ ముక్క అసలుదో ఏ ముక్క తర్వాత వేసిందో చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు వరహాలు. ఊరి బడితోనే చదువు చాలించాను గానీ, గడియారాలు నాతో మాట్లాడతాయి.

ఈ మాటను పద్మారావు నగర్‌లో మా పక్కింటి కల్పలత నమ్మింది. అక్కడ మొదలైంది కథ.

ఆమె తండ్రి బ్రహ్మచారి గారు రైలింజన్ల ఇన్‌స్పెక్టరు. ఆయన చేతికుండేది క్రోనోగ్రాఫ్ గడియారం. తాళమిచ్చే కీకి పైనొక బటన్, కిందొక బటన్. పైది నొక్కితే సన్నటి పొడుగు ముల్లు పరుగు తీస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కిందిది నొక్కితే బుద్ధిగా పన్నెండు దగ్గరికి తిరిగొస్తుంది. రైలు ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి చేరేసరికి ఎంతసేపైందో దాంట్లో చూసి ఆయన వేగం కట్టేవాడు. ఆయన బటన్ మీద వేలు పెడితే చాలు, డ్రైవర్లు చొక్కా గుండీలు సర్దుకునేవారట.

"దీంట్ల పరాయి ముక్క ఒక్కటి లేదు బిడ్డా" అని పోయేముందు కూడా అన్నాడాయన. ఈ ఆదివారం పాత గడియారాల ప్రదర్శన పెట్టారు. పుట్టినప్పటి భాగాలతోనే ఉన్నవాటికి మొదటి బల్ల, భాగాలు మార్చినవాటికి రెండోది. ఏది ఏ బల్ల మీదికో తేల్చేది రెజిమెంటల్ బజార్‌లో గడియారాల దుకాణం నడిపే దయాకర్.

"రెండో బల్ల మీద పెట్టిన్రంటే నాయిన మాట అబద్ధమైతది బాబాయ్. నువ్వు జెర వచ్చి చెప్పు" అంది కల్పలత.

"ఈయనేటి సెప్తాడమ్మా? మా గోడ గడియారం ఆగిపోయి ఏడాదైనా ఈయనకి తెలీదు" అంటూ మా ఆవిడ గవరమ్మ కూడా చెప్పులేసుకుంది. నన్ను ఒంటరిగా వదిలితే ఎవరికేం చెబుతానోనని దాని భయం.

దుకాణంలో దయాకర్ కంటికి భూతద్దం బిగించాడు. "డయల్ అసలుదే. అంకెల మీద పూత, ముళ్ళ మీద పూత ఒక్క తీరుగ ముదిరినయ్" అన్నాడు. వెనక మూత విప్పి లోపలి మిషను చూసి దానికీ తలూపాడు. మూత బిగించి కింది బటన్ నొక్కి చూసి ఆగిపోయాడు.

"గిదే పరేషాన్ అక్కా. మీదున్న బటన్ గీతలు పడి మసకబారింది. కిందిది జూడు, నిగనిగలాడుతుంది. పైగా నొక్కితే కదుల్తలేదు. ఎవరో వేరే గడియారందాన్ని తెచ్చి జొప్పించిన్రు."

కల్పలత ముఖం వాడిపోయింది. ఇక నేను ఊరుకుంటానా? గడియారం చెవికి ఆనించి కళ్ళు మూశాను.

"అన్నీ ఒక తల్లి పిల్లలే. కింది బటన్ అయితే మరీ గలగలా మాట్లాడుతోంది."

"పెద్దాయనా, గడియారం ఆగి ఉన్నది. ఇంకా కీ ఇయ్యలే" అన్నాడు దయాకర్.

"ఆ సెవి వినబడదు కూడాను బాబూ" అంది గవరమ్మ.

సరే, మొదట్లో చెప్పిన గొప్పంతా అక్కడితో సరి. గడియారాలు నాతో మాట్లాడవు. మాట్లాడినా, ఆ చెవి వైపు వస్తే వాటి శ్రమ వృథా.

దుకాణంలో అందరం నవ్వాం, కల్పలత తప్ప. గవరమ్మ నవ్వుతూనే వంగి బటన్‌నే చూస్తోంది.

"దీని మొదట్లో పచ్చగా ఏటిది?"

"పాత నూనె గావచ్చమ్మా."

"నూనేటి బాబూ! మా కుట్టుమిషను చక్రానికీ ఇలాగే పట్టేసింది. పసుపిది!"

కల్పలత ఎగిరి లేచింది. "అవ్ పిన్నీ! దసరాకు నాయిన తన పనిముట్లతోని దీన్ని సుత ఆయుధ పూజల పెట్టేటోడు. కింది బటన్‌ను మెరిసేదాంక బట్టతోని రుద్ది, పసుపు రాసి బొట్టు పెట్టేటోడు. మీదిదానికి ఎప్పుడూ పనే, బొట్టు నిలవదనేటోడు. రిటైరైనంక నొక్కుడు బంద్ జేసిండు గని, బొట్టు బంద్ జెయ్యలే!"

దయాకర్ నిటారుగా కూర్చున్నాడు. "అట్లయితే తీసి జూద్దాం."

సూదిలాంటి పనిముట్టుతో బటన్‌ను మెల్లగా బయటికి లాగాడు. దాని కాడ చుట్టూ పసుపూ కుంకుమా పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. బట్టతో రుద్దినందుకు ఆ మెరుపు, పసుపు పట్టినందుకు ఆ బిగింపు! దయాకర్ కాడను కడిగి, పై బటన్ కూడా తీసి పక్కపక్కన పెట్టాడు. రెండు కాడల మీదా కంపెనీ చెక్కిన ఒకే చిన్న గుర్తు, పక్కన ఒకే నంబరు.

"కవలలే" అన్నాడు దయాకర్. "తప్పు నాదే అక్కా. మొదటి బల్ల, నడి మధ్యల పెడతా."

"నే సెప్పలేదా?" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

బటన్లు బిగించి కీ ఇచ్చి, గడియారాన్ని కల్పలత చేతికే ఇచ్చాడు. ఆమె పైది నొక్కింది, ముల్లు పరుగు తీసింది. మళ్ళీ నొక్కింది, ఆగింది. కిందిది నొక్కింది. టక్కున ముల్లు పన్నెండు మీదికొచ్చి నిలబడింది. సరిగ్గా అదే క్షణాన స్టేషన్‌లో రైలు కూత వేసింది! "నాయినా!" అని కల్పలత అరిచిన అరుపుకి పక్క దుకాణాలవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

"ఈ దసరాకీ బొట్టెట్టమ్మా" అంది గవరమ్మ.

"పట్టీకి పెట్టున్రి తల్లీ, బటన్‌కు మాత్రం వద్దు!" అని దండం పెట్టాడు దయాకర్.

ఆదివారం ఆ గడియారం మొదటి బల్ల నడి మధ్యలో కూర్చుంది. దాని పక్కన కల్పలత, బల్ల తనదే అన్నంత దర్జాగా.

ఇందులో రైలు కూత మాత్రం నేను కలిపింది. అయినా స్టేషన్ పక్కన దుకాణం, ఏదో ఒక రైలు కూసే ఉంటుంది. నా చెవికి వినపడనంత మాత్రాన కూయలేదని ఎలా చెప్పను?