మెడ విప్పి చూస్తానన్న మనిషి

గిటారు కొనడానికి వచ్చిన మనిషి దానిని వాయించి చూస్తాననలేదు. ముందుగా బోర్లా తిప్పి, వెనుక ఉన్న మరలను పరీక్షించాడు. నాకు అప్పుడే అనుమానం పుట్టింది.

ఆ ఎలక్ట్రిక్ గిటారును మా చెల్లెలి కూతురు స్వయంగా కూర్చింది. చెక్క ఒకచోట, వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడ మరొకచోట, తీగల కంపనాన్ని పట్టే పికప్పులు ఇంకొకచోట ఏరి, అన్నీ మేలురకానివే తెచ్చి, మా వెనుక గదిలో బిగించింది. ఈ నెలాఖరులోగా ఇది అమ్ముడుపోతే గిటార్లు కూర్చడమే వృత్తిగా చేపడతాననీ, లేకపోతే నేను కుదిర్చిన ఉద్యోగంలో చేరతాననీ మాట ఇచ్చింది. విడిభాగాలుగా మాత్రం చచ్చినా అమ్మనన్నది. అంతకుముందు వచ్చినవారందరూ పికప్పులు ఊడదీసి ఇమ్మన్నవారే.

"మెడ విప్పి చూడొచ్చా?" అన్నాడతడు. తల మీద జుట్టుముడి, చేతిలో సొంత స్క్రూడ్రైవర్.

"వాయించకుండా విప్పడమేమిటి?" అన్నాను.

"రంగు చూసి కారు కొనం కదా సార్. బానెట్ ఎత్తి చూస్తాం."

"ఎత్తి ఇంజను పట్టుకుపోయేవాళ్లూ ఉంటారు."

"మావయ్యా, మీరు కాసేపు కూర్చోండి," అన్నది మేనకోడలు.

నేను కూర్చోలేదు. తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. సొంత పనిముట్టు వెంట తెచ్చుకొని ఎదుటివారి సరుకు విప్పేవాణ్ణి నమ్మే అలవాటు నాకు లేదు. అతడు తీగలు వదులుచేసి తీసిన మరలను ఒక్కొక్కటిగా నా గుప్పిట్లోకి తీసుకున్నాను.

మెడ ఊడివచ్చింది. అది కూర్చునే గాడిలో, ఒక అంచున, కత్తిరించిన అట్టముక్క ఉంది. అతడు దానిని గోటితో పైకి తీశాడు. అది నా విజిటింగ్ కార్డు. హోదా సగం తెగిపోయింది. పేరు మాత్రం నిక్షేపంగా ఉంది.

"గాడి వంకర పోయిందని కప్పిపుచ్చారా?" ఈసారి అనుమానం అతడి వంతయింది. "మీకు తెలిసే పెట్టారా సార్?"

మేనకోడలి ముఖం పాలిపోయింది. తెలియదని చెప్పి ఊరుకుంటే చాలు; అతడు వెళ్లిపోతాడు, ఆమె ఉద్యోగంలో చేరుతుంది.

"నాకు తెలియదు," అన్నాను. తరువాత ఆమె వైపు తిరిగి, "ఎందుకు పెట్టావో ఆయనకు చూపించు," అన్నాను.

ఆమె అట్ట లేకుండా మెడ బిగించి శ్రుతి చేసింది. తీగలు మెడకు బాగా ఎత్తున నిలిచాయి. అతడు వాయించబోతే, తీగలు సరిగా నొక్కలేక వేళ్లు తడబడ్డాయి. అట్ట పెట్టి మళ్లీ బిగించింది. తీగలు దిగివచ్చాయి. అతడు చాలాసేపు వాయించాడు. నేను సంగీతం వినలేదు, అతడి ముఖమే గమనించాను.

"నా కార్డే దొరికిందా నీకు?" అన్నాను మేనకోడలితో.

"మందం అతికినట్టు సరిపోయింది మావయ్యా. పైగా మీలాగే, అస్సలు వంగదు."

అతడు నవ్వాడు. "తీసుకుంటాను. కానీ ఆ కార్డు మీద సంతకం పెట్టండి సార్. మెడ కదిలితే మీ దగ్గరికే వస్తా."

"అంటే నన్ను పూచీ పడమంటున్నారు."

"అందుకే అడిగా."

మెడ మరొకసారి విప్పవలసి వచ్చింది. సంతకం చేసి ఇచ్చాను. ఆమె మరలు బిగిస్తూండగా, "ఇంటికి వెళ్లి పికప్పులు ఊడదీయరు కదా?" అని అడిగాను.

"ఇంకా అనుమానమేనా సార్?"

"ఉంది."

అతడు గిటారు పట్టుకొని వీధి మలుపు తిరిగేవరకు కిటికీ దగ్గరే నిలబడ్డాను. తరువాత, ఉద్యోగం ఇస్తానన్న మిత్రుడికి ఫోను చేసి, మా అమ్మాయి రావడం లేదని చెప్పాను.