సరే అంటే ఈడ్చెయ్

పంపుల మెకానిక్‌కి భయం పుట్టుకతోనే వచ్చింది. ఇంట్లో బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కేది పెళ్లామూ పిల్లలూ కాదు, అతనే. ఎదుటివాడు కాస్త గొంతు పెంచితే చాలు, తప్పు ఎవరిదైనా క్షమాపణ మాత్రం ఇతను చెప్పేస్తాడు. ఇలాంటి మనిషికి వైన్ మీద ప్రేమ పుట్టిందంటే ఎవరు నమ్ముతారు?

పుట్టింది మరి. మూడేళ్లుగా ద్రాక్ష కోతల కాలంలో ఊరూరా తిరిగి, వైన్ తయారుచేసేవాళ్ల పంపులు బాగుచేస్తున్నాడు. మొదట్లో ఎవరైనా గ్లాసు చేతికిస్తే, వాళ్లు అటు తిరగగానే పూలకుండీలో పోసేసేవాడు. ఒకచోట ఒకావిడ వైన్ కన్నా ముందు ద్రాక్ష గింజ కొరికించింది. ఇంకోచోట అన్నదమ్ములిద్దరు ఒకే తోట పండుతో చెరో పీపా చేసి, ఏది ఎవరిదో చెప్పమని ప్రాణం తీశారు. చివరికి, వైన్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాక దారి దొరికింది.

"వెంటనే మింగకు. నోట్లో ఉంచుకుని ఏం గుర్తొస్తోందో చెప్పు," అన్నాడాయన.

మెకానిక్ కళ్లు మూసుకుని, "మా అమ్మ బట్టల బీరువా" అన్నాడు. పెద్దాయన నవ్వలేదు, భుజం తట్టాడు. ఆ రోజు నుంచి మెకానిక్ పాడవని పంపుల్ని కూడా చూసి రావడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం ఆయనింటికి వెళ్లేసరికి లోపల మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకుంటున్నారు. పెద్దాయన భార్యని మెకానిక్ వదినా అని పిలుస్తాడు. ఆవిడ రెండు నిలువుల ఎత్తున్న స్టీలు ట్యాంకు ముందు వంగి, అడుగునున్న చిన్న తలుపులోంచి అరుస్తోంది. పెద్దాయన ట్యాంకు లోపల పారతో ద్రాక్ష పిప్పి తోడుతూ అక్కణ్ణుంచే తిడుతున్నాడు. మర్యాదస్థుడు కదా, మెకానిక్ వచ్చిన దారినే జారుకోబోయాడు.

"ఎక్కడికయ్యా? రా! ఇది పోట్లాట కాదు, పని," అంది వదిన.

ద్రాక్షరసం పులిసేటప్పుడు గ్యాసు పుడుతుంది. అది కంటికి కనబడదు. ఫ్యాను పెట్టి గంటసేపు గాలి ఆడించినా, పిప్పిలో నక్కి ఉండి పార తగిలినప్పుడు లేస్తుంది. లోపలి మనిషి మత్తుగా ఒరిగిపోతాడు. కాపాడదామని దూరినవాడికీ అదే గతి. అందుకని ఈ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. లోపల ఒకరున్నంతసేపూ బయట ఇంకొకరు వాళ్లతో గొడవపడుతూనే ఉండాలి.

"బయట ద్రాక్ష లోడు వచ్చింది, దింపించి వస్తా. పది నిమిషాలు నువ్వు గొడవపడు," అంటూ వదిన తాడు కొస అతని చేతిలో పెట్టింది. రెండో కొస పెద్దాయన భుజాల పట్టీలకి కట్టి ఉంది. "మాటకి మాట అంటున్నంతసేపూ ఏం కాదు. మీ అన్న 'సరే' అన్నాడంటే మాత్రం ఈడ్చెయ్. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఒళ్లు తెలిసి ఆ మాట అనగా నేను వినలేదు. నువ్వు మాత్రం లోపలికి దూరకు."

ఆవిడ వెళ్లిపోయింది. మెకానిక్ తాడు రెండు చేతులా పట్టుకున్నాడు. గొడవపడాలట! అదీ తనకి రుచి నేర్పిన మనిషితో!

"అన్నా, ఒంట్లో బావుందా?"

"ఇదేనా గొడవ? నీ మొహంలా ఉంది."

"అది కాదన్నా. మీ పార... అంత బాగాలేదు."

"పారకేం మాయరోగం వచ్చింది? నీ పంపుల కన్నా నయమే."

"మా పంపులు మంచివే," అన్నాడు మెకానిక్. అంతమాట అన్నందుకు క్షమాపణ చెప్పబోయి ఆపుకున్నాడు.

లోపల పార గరగరా అంటోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా ఇతని పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఎండల గురించి అన్నాడు, వానల గురించి అన్నాడు. జవాబులు పొట్టివయ్యాయి. చివరికి "ఊఁ" అన్నాడు పెద్దాయన. ఊఁ అంటే సరే అన్నట్టా, కాదా? వదిన ఆ సంగతి చెప్పలేదు. ఉత్తపుణ్యానికి లాగితే తిడతాడు. లాగకపోతే ఆయన చచ్చిపోవచ్చు. అరచేతుల చెమటకి తాడు జారుతోంది. నిజం చెప్పొద్దూ, పారిపోదామని వీధి తలుపు వైపు ఒకసారి చూశాడు కూడా.

ఎలాగైనా ఆయనకి కోపం తెప్పించాలి. ఏమంటే వస్తుందో మెకానిక్‌కి తెలుసు. ఏడు నెలలుగా కడుపులో దాచుకున్న మాట అది.

"అన్నా! పోయినేడాది వైన్ పాడైంది!"

పార ఆగింది.

"గోడవారనున్న మూడు పీపాలూ వెనిగర్ అయిపోతున్నాయి! నోట్లో పోసుకోగానే తెలిసింది. అద్భుతం అని అబద్ధమాడాను. విన్నారా? పాడైపోయింది!"

ఇక తిట్ల వాన కురుస్తుందని చెవులు రిక్కించాడు. లోపల్నుంచి మెత్తటి గొంతు వచ్చింది.

"సరే."

మెకానిక్ "వదినా!" అని కేకపెట్టి తాడు గుంజాడు. కదల్లేదు. తలుపులో తల పెట్టబోయాడు, భయమే వెనక్కి లాగింది. తాడు నడుముకి చుట్టుకుని, కాళ్లు ట్యాంకుకి తన్నిపెట్టి, ఏడుస్తూ లాగాడు. ముందు తల వచ్చింది, తర్వాత భుజాలు. పెదాలు నీలంగా ఉన్నాయి. వదిన పరుగున వచ్చి ఓ చెయ్యేసింది. ఇద్దరూ ఆయన్ని వాకిట్లోకి ఈడ్చారు. గుండెల మీద చెయ్యి పెట్టి చూస్తే, తన చెయ్యి వణుకుతోందో ఆయన ఊపిరి ఆడుతోందో మెకానిక్‌కి తెలియలేదు.

అప్పుడు దగ్గాడు పెద్దాయన. వదిన డాక్టరుకి ఫోను చెయ్యడానికి లోపలికి పరిగెత్తింది. ఆవిడ అటు వెళ్లగానే ఆయన మెకానిక్ చొక్కా పట్టుకున్నాడు.

"ఏ పీపాలన్నావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకన్నా?" అన్నాడు మెకానిక్.

"మత్తులో అన్నాననుకోకు. కాళ్లు చచ్చుబడ్డాయి కానీ, ఆ 'సరే' ఒళ్లు తెలిసే అన్నాను. నువ్వు చెప్పావు కాబట్టి నిజమే అయ్యుంటుంది. నాకు తెలియదు తమ్ముడూ. వాసన పోయి రెండేళ్లయింది. జలుబు చేసింది, తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ ట్యాంకులో పులిసే వాసన ఇంకా ఉందో లేదో తెలియకుండానే దిగాను."

"వదినకి చెప్పలేదా?"

"భయమేసింది. వాసన తెలియనివాడు వైన్ ఏం చేస్తాడు?"

భయం గురించి మెకానిక్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. అది ఈయన కళ్లలో కనబడుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. ఏదో ధైర్యం చెబుదామని తలెత్తేసరికి, నీళ్ల చెంబుతో వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

"నాకు తెలుసు," అందావిడ. "మాడిన పాలు మారుమాట్లాడకుండా తాగినప్పుడే తెలిసింది."

పెద్దాయన ఆవిడ వంక చూడలేకపోయాడు. "మరి ఇన్నాళ్లూ అడగలేదేం?"

వదిన పక్కన చతికిలబడి ఆయన తల ఒళ్లోకి తీసుకుంది.

"అడిగితే, ఇక వైన్ మానేద్దామని నేననాలి. దానికి నువ్వు సరే అంటావేమోనని."